జాయింటుకో రంగు

పాత ఇనుము కొనేవాడు సాయంత్రం బండితో వస్తానన్నాడు. ఈలోగా అక్క షెడ్డుకొచ్చి, ఖాళీ రంగు డబ్బా బోర్లించుకుని కూర్చుంది.

"ఒక్కసారి చూడరా. తర్వాత అమ్ముకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం," అంది.

తమ్ముడికీ మనసొప్పడం లేదు. చక్రాల మీద లాక్కెళ్లే ఆ చిన్న కంప్రెసర్ బావ కొన్నది. బావా తనూ ఏళ్ల తరబడి దానితోనే బీరువాలకీ మంచాలకీ రంగులు కొట్టారు. బావ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు చిల్లికుండలో నీళ్లు పోసినట్టు, ఎంత గాలి ఎక్కించినా నిలవదు. రంగు కొట్టే గన్నులోంచి రంగు తుమ్మినట్టు పడుతోంది.

ట్యాంకు నింపి మోటారు ఆపాడు. మీటరులో ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. ఎక్కడో సన్నగా బుస. కుంచె సబ్బు నురగలో ముంచి ఒక్కో జాయింటుకీ పూయసాగాడు. గాలి పోయేచోట బుడగ లేస్తుంది.

"మీ బావ నిర్వాకమే అయ్యుంటుంది," అక్క ముందే ఒప్పేసుకుంది.

గాలి పోకుండా మరలకు చుట్టే టేపు బావ ఏనాడూ కొనలేదు. ఆ పూట గన్నులో ఏ రంగుంటే అది రాసి బిగించేసేవాడు. "నువ్వు పెయింటరువా, ప్లంబరువా బావా?" అని తమ్ముడు ఎగతాళి చేస్తే, "ఆరనీరా, నీ మాటకన్నా గట్టిగా ఉంటుంది," అనేవాడు.

అందుకే జాయింటుకో రంగు. మీటరు కింద ఆకుపచ్చ, ఆస్పత్రి మంచాలది. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే మర దగ్గర లేతనీలం.

"ఇది మన పిల్ల ఉయ్యాలది కదూ," అక్క వంగి చూసింది. "రాత్రికల్లా ఆరుతుందన్నాడు మహానుభావుడు. ఎన్నాళ్లో చేతికంటుతూనే ఉంది. పిల్ల నా ఒళ్లోనే పడుకుంది."

నీలం మీద బుడగ లేవలేదు. ఆకుపచ్చ మీదా లేవలేదు. పైపు తగిలించేచోట మాత్రం నురగ పొంగింది. అక్కడ రంగు లేదు, తెల్ల టేపు. బావ పోయిన కొత్తలో తను మార్చిన జాయింటు అదొక్కటే.

"నవ్వక్కా. దాచుకుంటే పొట్ట నొస్తుంది."

"నేనేమన్నానురా?"

గాలంతా వదిలేసి జాయింటు విప్పాడు. అప్పుడు టేపు ఎదురువైపు చుట్టేశాడు. బిగిస్తుంటేనే ముద్దకట్టి ఉంటుంది. ఆ రోజు చేతులు ఇక్కడున్నాయి, మనసు ఎక్కడుందో. మరలు శుభ్రంగా గీకి, ఈసారి సరైన వైపు చుట్టాడు.

"ఇవాళ గన్నులో ఏ రంగు?" అక్క అడిగింది.

"పసుపు. బడి బెంచీలకి."

చెప్పాక గానీ ఆమె ఎందుకడిగిందో తట్టలేదు. కుంచె కొసతో టేపు మీద ఇంత పసుపు రాసి బిగించాడు.

మళ్లీ నింపి ఆపాడు. ముల్లు ఎక్కినచోటే నిలబడింది. బుస లేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

బయట బండి ఆగింది. "కంప్రెసర్ ఏదీ, అన్నా?"

"అది అమ్మట్లేదు. ఖాళీ డబ్బాలున్నాయి, పట్టుకెళ్లు."

అతను డబ్బాలన్నీ ఏరుకుని అక్క కూర్చున్న డబ్బా వైపు చూశాడు. ఆమె కదల్లేదు.

"ఇదుండనీ నాయనా. రేపొచ్చి కూర్చోవద్దూ?"