గుప్పెడు కాయల సేపట్లో

పెరటి తలుపు పక్కన చాప మీద బోర్లా పడుకుని, రోకలిని కుడి భుజానికి ఆనించి, కరీమున్ ఎడమ కన్ను మూసింది. గోడ మీద బొగ్గుతో పెట్టిన చుక్క రోకలి కొసన నిలిచింది. నోట్లోనే ఒక గుండు పేల్చి, కుడిచేత్తో తలుపు కింది గడియను ఎత్తి, లాగి, తోసి, దించింది. పోలీసు తుపాకీ బోల్టుకీ ఈ గడియకీ పనిలో తేడా లేదు; గడియకి తుప్పు కాస్త ఎక్కువ. రెండు నెలలుగా తెల్లారేసరికి ఇదే చప్పుడు. పక్కింటి బసవమ్మ మొదట్లో దొంగలనుకుంది. ఇప్పుడు ఈ చప్పుడుకే లేచి పొయ్యి వెలిగించుకుంటోంది.

ఎదురుగా పీట మీద అత్త సైదాబీ మిరపకాయల ముచ్చికలు తీస్తోంది. వయసంతా మిర్చి యార్డులో అదే పని చేసిన మనిషి. మాట తడబడొచ్చుగానీ చెయ్యి తడబడదు. ఓసారి గడియారం పెట్టి చూశారు: ఆమె గుప్పెట పట్టినన్ని కాయలు ఒలిచేసరికి సరిగ్గా అరనిమిషం. పరీక్షలో ఐదు గుండ్లు పేల్చడానికి ఇచ్చేదీ అంతే. అప్పట్నుంచీ గడియారం జోలికి పోలేదు.

కానిస్టేబులుగా ఉన్న భర్త బుడే జ్వరంతో పోతే ఆ ఉద్యోగం కరీమున్‌కి ఇచ్చారు. అప్పట్నుంచీ సభల దగ్గర ఆడవాళ్ల సంచులు తడిమి చూడటం, స్టేషనుకి వచ్చిన పెద్దమనుషులకు టీ తెప్పించడం. హెడ్ కానిస్టేబుల్ శిక్షణకు వెళ్లాలంటే తుపాకీ పరీక్ష నెగ్గాలి. నిరుడు మూడో గుండు దగ్గరే టైమైపోయి ఈల పడింది. ఇవాళ కూడా తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రిటైరయ్యేదాకా సంచులే.

నెగ్గితే ఆర్నెల్లు అనంతపురం. మోకాళ్ల నొప్పుల సైదాబీని ఒంటరిగా వదలడం కుదరదు, ఆమె కనిగిరిలో తన కూతురు కౌసర్ దగ్గరికి పోవాలి. కౌసర్ బీపీ పేరు చెప్పి కూరల్లో ఉప్పూ కారం మానేసింది. గుంటూరు మనిషికి అంతకన్నా జైలు నయం. ఈ సంగతి అత్తాకోడళ్లిద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"అయిపోయాయ్," అంది సైదాబీ చేతులు దులుపుకుని.

కరీమున్ ఐదోసారి గడియ లాగబోతూ ఆగింది. "ఇవాళ మరీ తొందరగా అయిపోయాయేంటత్తా?"

"నా చేతులకి ఊపొచ్చింది. నీకే రాలా."

"ఘాటుకి కళ్లు మండుతున్నాయి."

"మండనీ. అక్కడ పన్నీరు చల్లుతారా ఏంది? మా బుడే కాలిస్తే గుండు ఎటు పోయిందో వాడికే తెలిసేది కాదు. ఇంటికొకళ్లు చాలు అట్టాంటోళ్లు. మళ్లీ పడుకో."

కరీమున్ మళ్లీ పడుకుంది. ఈసారి కాయలకన్నా ముందే ఐదోది పూర్తిచేసి, ఖాకీ బట్టలు వేసుకుని బయల్దేరింది.

ఊరి బయట కాల్పుల రేంజిలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఈల ఊదగానే కరీమున్ కాల్చింది. మొదటి తన్నుకి భుజం అదిరింది. చెయ్యి మాత్రం దానంతటదే ఎత్తింది, లాగింది, తోసింది, దించింది. ఐదూ అయ్యాక రెండో ఈల కోసం చూసింది. అది రాలేదు. ఊదడం మర్చిపోయారేమో అనుకుంది.

"ఏం కరీమున్, కునుకు తీస్తున్నావా?" వెనక నుంచి హెడ్ కానిస్టేబుల్ ఆదాం అడిగాడు. "కాల్చు, టైముంది."

"అయిపోయాయి సార్."

ఆయన గడియారం వంక చూశాడు. అప్పుడు పడింది ఈల.

ఐదింట్లో నాలుగు నల్ల చుక్కలోనే తగిలాయి. అందరూ మెచ్చుకుంటుంటే కరీమున్ బూటు ముడి విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చుంది. వారానికి ఒకటి రెండు కాయల చొప్పున అత్త గుప్పెడు చిక్కిపోతూ వచ్చిందన్నమాట. ముసలమ్మ తన కనిగిరి ప్రయాణాన్ని తనే తరుముకుంటూ వచ్చింది.

సాయంత్రం ఇల్లు తాళం వేసి ఉంది. తాళంచెవి బసవమ్మ తెచ్చిచ్చింది.

"మధ్యాహ్నం కనిగిరి బస్సెక్కింది. నేనే ఎక్కించా."

"ఫలితం తెలీకుండానే?"

"తెలిసేదేముంది అంది. నువ్వొచ్చాక ఏడుపులు పెట్టుకుంటే బస్సు తప్పిపోద్దంట."

కరీమున్ తలుపు తీసింది. చాప చుట్టి మూల నిలబెట్టి ఉంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. బూట్లు విప్పి, పోయిన వారం పట్నంబజార్లో తను కొనుక్కున్న కొత్త చెప్పుల కోసం గడప పక్కన కాలితో వెతికింది. అవి లేవు. వాటి చోట, తెగిన బద్దెకు పిన్నీసు గుచ్చిన అత్త పాత హవాయి చెప్పులు, వేళ్ల వైపు ఇంట్లోకి తిరిగి, జంటగా ఉన్నాయి.