యాభై రెండు వరసలు

నరసరావుపేటలో అన్నిటికన్నా ఎత్తైన కట్టడం ఏదని ఆ రోజుల్లో ఎవరినైనా అడిగితే తలా ఒక జవాబు చెప్పేవాళ్లు. పత్తిమిల్లు పొగగొట్టం అని కొందరు, స్టేషన్ పక్క నీళ్ల ట్యాంకు అని కొందరు. మా కతోలికులు చర్చి గంటగోపురం అనేవాళ్లు, మిగతావాళ్లు గుడి గాలిగోపురం అనేవాళ్లు. నేను ఇవేవీ ఒప్పుకునేదాన్ని కాదు. మనుషులు కాపురం ఉండి, వండుకుని తిని, పిల్లల్ని పెంచుకునేదే మేడ. పొగగొట్టంలో ఎవరు కాపురం ఉంటారు? అలా చూస్తే ఊళ్లో ఎత్తైనది హనుమయ్యగారి మేడ ఒక్కటే. మూడంతస్తులు, యాభై రెండు అడుగులు. కట్టింది మా నాన్న శౌరి మేస్త్రి. ఇది పక్షపాతం అంటారా, అనుకోండి. నాకేం నష్టం లేదు.

నా పేరు ఫిలోమినా. అమ్మాయిల బడిలో లెక్కల టీచర్ని. పదకొండేళ్లపాటు ప్రతి ఏడాదీ ఐదో తరగతి పిల్లలకి ఒక లెక్క ఇచ్చాను. హనుమయ్యగారి మేడ ఎత్తు యాభై రెండు అడుగులు, మేడ నీడ ఇరవై ఆరు అడుగులు, అదే సమయంలో పక్కనున్న స్తంభం నీడ తొమ్మిది అడుగులైతే స్తంభం ఎత్తు ఎంత? ఆ యాభై రెండు అనే అంకెను నేను ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న నోట వింటున్నాను. ఎన్నడూ కొలిచి చూడలేదు. కన్నతండ్రి చెప్పిన అంకెను తాడు పట్టుకుని ఎవరు కొలుస్తారు?

1959 వేసవి మొదట్లో ధనుంజయరావుగారు స్టేషన్ రోడ్డులో నాలుగంతస్తుల మేడ పూర్తి చేశారు. ఆయన పెద్ద పత్తి వ్యాపారి. కింద దుకాణాలు, పైన అద్దె కాపురాలు. గుంటూరు నుంచి గోపాలకృష్ణయ్య అనే కుర్ర ఇంజనీరు వచ్చి ఇనుము, సిమెంటు పెట్టి కట్టించాడు. గృహప్రవేశానికి పది రోజులుందనగా గుమ్మం పక్కన ఒక తెల్లరాయి అతికించారు. “ఈ పట్టణమున అత్యున్నత భవనము” అని దాని మీద నల్లటి అక్షరాలు. బడికి పోతూ ఆ రాయి చదివాను. ఒళ్లు మండిపోయింది. గొడుగు మూసి నేరుగా లోపలికి వెళ్లాను.

“మీ మేడ ఎత్తెంతండీ?” అన్నాను.

ధనుంజయరావుగారు నవ్వుముఖం మనిషి. “నలభయ్యారు అడుగులు టీచరమ్మా. ఏం?”

“మా నాన్న కట్టింది యాభై రెండు. ఆ రాయి అబద్ధం చెబుతోంది.”

ఆయనకు కోపం రాలేదు, సరదా పుట్టింది. “అయితే కొలిపిద్దాం. మేస్త్రిది యాభై రెండయితే రాయి పీకి అవతల పారేస్తా. కాకపోతే గృహప్రవేశం నాడు మీ నాన్న వచ్చి, పదిమందిలో మైకు ముందు నిలబడి, ఇదే ఎత్తైన మేడని తన నోటితో చెప్పాలి. సరేనా?”

సరేనన్నాను. నాన్నను ఒక మాట అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆదివారం పూజ ముగిశాక చర్చి నుంచి వచ్చేసరికే హనుమయ్యగారి మేడ ముందు జనం పోగయ్యారు. హనుమయ్యగారు పోయి చాలా ఏళ్లయింది, ఆయన భార్య శేషారత్నమ్మగారు కింది వాటాలో ఉంటున్నారు. ఇంజనీరు పైకెక్కి పిట్టగోడ మీది నుంచి రాయి కట్టిన తాడు వదిలాడు. రాయి నేలకు తగిలింది. తాడుకు ముడి వేసి, కిందికి తెచ్చి, టేపు పెట్టి కొలిచారు.

నలభై అడుగులు.

“మళ్లీ కొలవండి” అన్నాను. మళ్లీ కొలిచారు. నలభయ్యే. నేనే వంగి టేపు మీద అంకె చూశాను. అది కూడా నలభై అనే చెప్పింది.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. “మేస్త్రి ముప్పై ఏళ్ల నుంచి పన్నెండు అడుగులు కోతలు కోస్తున్నాడ్రోయ్!” అని ఒకడు అరిచాడు. మా బడిలో చదివి వెళ్లిన అమ్మాయిలు ఇద్దరు గుంపులో ఉన్నారు. వాళ్లు నవ్వలేదు, తల వంచుకున్నారు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నాన్న వసారాలో కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిది. చేతులు వణుకుతున్నాయని పని మానేసి నాలుగేళ్లయింది.

“నాన్నా, నీ మేడ నలభై అడుగులంట.”

“ఎవరన్నారే?”

“తాడు అంది. రెండుసార్లు అంది. ఊరంతా విన్నది.”

ఆయన ఆశ్చర్యపోయాడు. “తాడు యాణ్ణుంచి ఏశారు?”

“పిట్టగోడ మీది నుంచి.”

“యాడిదాకా?”

“యాడిదాకా ఏంది? నేల దాకా!”

“నేల దాకేనా!” అని నాన్న పెద్దగా నవ్వాడు. “మరి కిందుండే పన్నెండు వరసలు ఎవరు కొలుస్తారే?”

అప్పుడు తెలిసింది నాకు. మా నాన్న జీవితంలో ఏ గోడనూ అడుగుల్లో కొలవలేదు. వరసల్లో లెక్కపెట్టాడు. ఒక వరస రాయి అంటే అడుగు ఎత్తు. మొదటి వరస పడేది నేల మీద కాదు, పునాది గుంట అడుగున. అక్కడి నుంచి పిట్టగోడ దాకా యాభై రెండు వరసలు. రాయి కట్టే మేస్త్రులందరూ అలాగే లెక్కిస్తారట. వాళ్లకు గోడ మొదలయ్యేది అక్కడే మరి. నేను వరసలను నేల మీది అడుగులు చేసుకుని, పదకొండేళ్లపాటు పిల్లల చేత లెక్క చేయించాను.

“పన్నెండు అడుగుల లోతెందుకు నాన్నా? బావి తవ్వారా?”

“రేగడి నేలే అది. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలు బారుద్ది. గట్టినేల తగిలిందాకా పోవాల్సిందే. మాకు పన్నెండులో తగిలింది.”

నాన్న అబద్ధం చెప్పడు. అయినా ఆ పూట నేను నాన్నను కూడా నమ్మే స్థితిలో లేను. సాయంత్రం శేషారత్నమ్మగారి దగ్గరికి వెళ్లి అడిగాను.

“నేను కాపురానికొచ్చిన ఏడేనమ్మా అది” అన్నారావిడ. “గుంటలో నవధాన్యాలు కొత్త కోడలే వెయ్యాలని మా అత్తగారు దిగమంది. నిచ్చెనేస్తే దిగా. పైకి చూస్తే మా అత్తగారి మొహం చానా దూరంగా కనపడింది, ఏడుపొచ్చింది నాకు. నేను గింజలు చల్లింతర్వాత మీ నాన్న తాపీతో పక్కనే సిలువ గీశాడు. మా ఆయన పైనుంచి చూసి, పోనీలే, ఇద్దరు దేవుళ్లూ కాస్తారు అన్నాడు.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. శేషారత్నమ్మగారు గృహప్రవేశానికి వచ్చి ఆ మాట చెబితే చాలనుకున్నాను. భర్త పోయినదాన్ని, శుభకార్యంలో నన్ను ఎవరు నిలబెడతారే అన్నారావిడ. అయితే నాన్నే చెప్పాలి. తన మేడకు నేల కింద పన్నెండు అడుగులున్నాయని, తాను దొంగలెక్క చెప్పలేదని మైకులో చెబితే చాలు, నవ్వినవాళ్ల నోళ్లు మూతపడతాయి.

నాన్న ఆ సంగతి వినిపించుకోలేదు. ఆయనకు ఇంకేదో పట్టుకుంది. “ఆ కొత్త మేడకి ఎంత తీశారో కనుక్కున్నావా?” అన్నాడు. నేను కనుక్కోలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే కర్ర తీసుకుని బయల్దేరాడు. ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను.

“బాబూ, పునాది ఎంత తీశారు?” అని ఇంజనీరును అడిగాడు నాన్న.

“ఐదడుగులు మేస్త్రీ.”

నాన్న చేతిలో కర్ర ఆగిపోయింది. “రేగట్లో? ఐదడుగుల్లో నాలుగంతస్తులా?”

గోపాలకృష్ణయ్య నవ్వలేదు. ఇసుక మీద కూర్చుని పుల్లతో గీసి చూపించాడు. గోడల కింద విడివిడిగా పునాదులు లేవు, ఇల్లెంత ఉందో అంతా అడుగున ఒకటే పలక, దాని నిండా ఇనుప కడ్డీల అల్లిక. నేల ఉబ్బినా కుంగినా ఇల్లు మొత్తం ఒక్కసారే లేస్తుంది, ఒక్కసారే దిగుతుంది. ఒక మూల లేచి ఒక మూల దిగితేనే కదా నెర్రెలిచ్చేది.

“అంటే పడవ మాదిరా?”

“అట్లాగే అనుకోండి.”

ఇక నాన్న అక్కడి నుంచి కదల్లేదు. కడ్డీ వంచమన్నాడు, వంచితే మళ్లీ సాగదీయమన్నాడు. ఇనుముకు తుప్పు పట్టదా అన్నాడు. సిమెంటులో గాలి తగలదని ఇంజనీరు చెబితే, వాన పడి గోడ చెమ్మగిల్లితేనో అన్నాడు. ప్రతి జవాబుకూ ఇంకో ప్రశ్న. జేబులోంచి దారం కట్టిన గుండు తీసి నాలుగు మూలలా వేలాడేసి చూశాడు. నాలుగో అంతస్తు దాకా ఎక్కాడు, నేను వద్దంటున్నా వినలేదు. మూడో అంతస్తులో అప్పటికే రెండు అద్దె కాపురాలు పాలు పొంగించుకుని దిగాయి. ఒక ఇంట్లో బాలింత ఉయ్యాల ఊపుతోంది. ఆ అమ్మాయిని పక్కకు జరగమని ఉయ్యాల వెనక గోడను వేళ్ల కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. మధ్యాహ్నం అన్నం సంగతే మర్చిపోయాడు. నేను నా తరగతులు మానుకుని ఆయన వెనక తిరిగాను.

తిరిగి వస్తుంటే అన్నాడు. “నలభై ఏళ్లు గుంటలు తవ్వించానే. ఇది తెలిసుంటే ఎంతమంది నడుములు మిగిలేయో.”

గృహప్రవేశం నాడు నాన్నకు ఇస్త్రీ చొక్కా తొడిగాను. ఏం చెప్పాలో దారిలో మూడుసార్లు చెప్పాను. ఆయన తల ఊపాడు. వీధి పొడుగునా పందిరి, మైకు, ఊళ్లో పెద్దలు. ధనుంజయరావుగారు మాట మర్చిపోలేదు. “శౌరి మేస్త్రీ, ఇట్లా రావయ్యా” అని పిలిచారు. వెనక వరసల్లో కిసుక్కుమని నవ్వులు.

నాన్న మైకు ముందు నిలబడ్డాడు.

“అయ్యలారా, నేను కట్టిన మేడ నలభై అడుగులు. ఇది నలభయ్యారు. పేటలో ఇంత ఎత్తు మేడ ఇంకోటి లేదు. మేడంతా తిరిగి చూశా. పని బాగుంది. నేను ఇన్నాళ్లూ చెప్పిన లెక్క తప్పు.”

అంతే. దిగి వచ్చేశాడు. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ధనుంజయరావుగారు మెడలో దండ వేశారు. నేను భోజనానికి కూర్చోకుండా బయటికి వచ్చేశాను. వీధి మలుపు దాటాక నాన్న కర్ర పొడుచుకుంటూ వెనక వచ్చాడు.

“ఏమే, తినకుండా వచ్చేశావు?”

“నీకు నోరు లేదా నాన్నా? ఒక్క మాట! కింద పన్నెండడుగులున్నయ్యని ఒక్క మాట చెప్తే నీ పరువు నిలబడేదిగా!”

“చెప్తే తర్వాత ఏమైద్ది?”

“అబద్ధాలకోరువి కాదని తెలుస్తది.”

“ఆ తర్వాత?” నాన్న ఆగాడు. “ఎవడో ఒకడు లేచి, మరి దీనికెంత లోతని అడుగుతాడు. ఆ కుర్రోడు ఐదని చెప్పాల. అబద్ధం ఆడే రకం కాదు వాడు. ఐదు ఎక్కడ, పన్నెండు ఎక్కడ అంటారు జనం. ఆ ఉయ్యాల ఊపే పిల్ల ఇంక ఆ ఇంట్లో కంటినిండా నిద్రపోద్దా?”

“ఇనప పలక సంగతి ఇంజనీరు చెప్తాడుగా.”

“గోడలు కట్టినోణ్ణి, నాకే ఒక పూట పట్టిందే అర్థం కావటానికి. మైకులో రెండు ముక్కలు చెప్తే వాళ్లకేం అర్థమైద్ది? భయం మాత్రం మిగులుద్ది.”

“నీ పేరు పోయింది కదా.”

“నా మేడ యాడికీ పోలా. మేస్త్రి పని బాగుంటే కింద ఏముందో ఎవరికీ తెలవకూడదే. తెలిసిందంటే ఇల్లు పడిపోయినట్టే.”

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గేసింది. నేను పోరాడింది ఆయన పరువు కోసం కాదు, నా పంతం కోసం. నా తొందరపాటుకు ఆయన అంతమందిలో తల వంచాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. నాన్న పోయి రెండేళ్లయింది. ధనుంజయరావుగారి మేడ ఎనిమిది వానాకాలాలు చూసింది, గోడలకు ఒక్క నెర్రె లేదు. అందుకే ఇప్పుడు ఈ సంగతి బయటపెడుతున్నాను.

ఆ గృహప్రవేశం రోజు ఇంటికి వస్తూ మేము టీకొట్టు దాటుతుంటే బెంచీ మీద కూర్చున్న ఒకాయన కేకేశాడు. “ఏం మేస్త్రీ, ఇంతకీ నీ మేడ ఎన్ని అడుగులు?”

“నలభయ్యే నాయనా” అన్నాడు నాన్న.

బెంచీ అంతా నవ్వింది. పునాది సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను నోరు మూసుకోవడం ఎంత అరుదో మా బడిలో ఎవరినడిగినా చెబుతారు. నాన్న చెయ్యి పట్టుకుని, వాళ్ల ముందు నుంచే మాట్లాడకుండా నడిచి వెళ్లాను.