కిటికీ సందులోంచి చూసిన ఊళ్ళు

నేను ఒక రైస్ కుక్కర్‌ని. ఇద్దరికి సరిపడా అన్నం వండే చిన్న సైజుదాన్ని. తెల్లటి ఒళ్ళు, గాజు మూత, ముందువైపు ఒక మీట. మీట కిందికి నొక్కితే వండుతాను, అది పైకి లేస్తే ఊరుకుంటాను. నా బతుకు గురించి చెప్పుకోవడానికి నిజానికి ఇంతకు మించి ఏమీ ఉండకూడదు. కానీ నన్ను విదేశాలు తిప్పారు. ఈ అలసట అక్కడ పట్టుకున్నదే.

పుట్టింది కోయంబత్తూరు వైపు ఒక ఫ్యాక్టరీలో. నన్ను చేసినవాళ్ళ చేతులే గుర్తున్నాయి గానీ ముఖాలు గుర్తులేవు. ఒంగోల్లో ఒక షాపులో నన్ను మాల్యాద్రి అనే కుర్రాడు కొన్నాడు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. గదిలో ఒక్కడే ఉండేవాడు. అన్నం నాలో వండుకునేవాడు, కూర కర్రీ పాయింటు నుంచి తెచ్చుకునేవాడు. తర్వాత పెళ్ళయింది. కాపురంతో పాటు పెద్ద కుక్కరూ వచ్చింది. నేను అటకెక్కాను. మనుషులకి పెళ్ళిళ్ళవుతుంటే మాలాంటివాళ్ళం అటకలెక్కడం లోకరీతి. దానికి నేనేమీ బాధపడలేదు. అటక మీద దుమ్ము తప్ప ఇంకో ఇబ్బంది లేదు.

అక్కణ్ణుంచి నన్ను దింపింది మాల్యాద్రి మేనత్త సౌభాగ్యమ్మ.

సౌభాగ్యమ్మకి ఊళ్ళంటే పిచ్చి. పెద్ద నగరాలు కాదు, చిన్న ఊళ్ళు. రంగురంగుల ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు, రాళ్ళు పరిచిన సన్నటి వీధులు ఉండే ఊళ్ళు. టీవీలో అలాంటిది కనబడితే పొయ్యి మీద పోపు మాడిపోయినా లేచేది కాదు. భర్త పానకాలరావు పొగాకు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఒక ట్రావెల్స్ వాళ్ళు ఫ్రాన్సులో జర్మనీ సరిహద్దు పక్కనున్న చిన్న ఊళ్ళన్నీ తిప్పుతారని పేపర్లో చూసి, ఆవిడ నెల రోజులు ఆయన వెంటపడింది.

"ఊళ్ళు చూడ్డానికి అంత దూరం పోవాలా? మన చీమకుర్తి లేదా?" అన్నాడాయన. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "అక్కడ రొట్టె ముక్కలు తిని బతకడం నావల్ల కాదు. రెండు పూటలా వేడి అన్నం ఉంటే వస్తా."

ఆ షరతు పేరే నేను. నన్ను తోమి, నాలో బియ్యం పొట్లం, కందిపొడి, గోంగూర పచ్చడి సీసా దోపి, చుట్టూ ఆవిడ పాత చీర చుట్టి పెట్టెలో పెట్టారు. ఎయిర్‌పోర్టులో ఒకాయన నా మూత తీసి తలకాయంతా లోపల పెట్టి చూశాడు. గోంగూర వాసన తగలగానే మర్యాదగా మూసేశాడు.

మొదటి ఊరికి సాయంత్రం చేరాం. దాని పేరు ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా పలికింది, అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. గైడు ఫణీంద్ర అందర్నీ కేకేశాడు, ఏటి ఒడ్డున నడిచొద్దాం రమ్మని. సౌభాగ్యమ్మ చెప్పులేసుకుంది.

"మరి అన్నం?" అన్నాడు పానకాలరావు.

ఆవిడ చెప్పులు విడిచింది. ఆయన అందరితో పాటు నడకకి వెళ్ళాడు.

అక్కడి హోటలు గదుల్లో వండకూడదు. అందుకని నన్ను కిటికీ కింద నేల మీద పెట్టి, ఆవిరి బయటికి పోయేలా కిటికీ కాస్త తెరిచి, గదిలోకి పొగ పట్టకుండా నా మీద టవలు అడ్డం పట్టుకుని కూర్చుంది. నేను కుతకుతమంటుంటే కిటికీ సందులోంచి బయటికి చూసింది. ఎదురింటి గోడ, దాని మీద ఒక గులాబీ తీగ, పైన కాస్త ఆకాశం. ఆ ఊళ్ళో ఆవిడ చూసింది అంతే.

పక్క గదిలో ఉన్న ఆండాళ్ళు గారు నెల్లూరులో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా వచ్చింది. తిరిగొచ్చాక ఫోన్లో ఫొటోలు చూపించింది. "ఇదుగో వంతెన, ఇదుగో హంసలు, ఇక్కడ ఒకాయన వయొలిన్ వాయించాడమ్మా, ఎంత బాగుందనుకున్నారు!" సౌభాగ్యమ్మ ఒక్కో బొమ్మా వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది. అన్ని సముద్రాలు దాటొచ్చి ఊరిని ఇంకొకరి అరచేతిలో చూడ్డం నాకు వింతగా అనిపించింది. కానీ నేనేం చెప్పగలను? నాకున్నది ఒక్క మీట.

రెండో ఊరూ అంతే, మూడో ఊరూ అంతే. పానకాలరావు చెడ్డవాడు కాదు. వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ భార్యకి ఒక ఫ్రిజ్ మాగ్నెట్ తెచ్చేవాడు. దాని మీద ఆ ఊరి బొమ్మ ఉండేది. "ఏముంది సౌభాగ్యం, అన్నీ రాళ్ళ వీధులే. నువ్వు రాకపోవడమే మంచిదయింది, మోకాళ్ళు పట్టేసేవి" అంటూ పళ్ళెం ముందు కూర్చునేవాడు. ఆవిడ వడ్డించేది. నేను అడుగున మాడు కట్టకుండా నాకు చేతనైనంత చూసుకునేదాన్ని.

ఒక సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆవిడకి ఆ రొట్టెలు నచ్చాయి. పొద్దున టిఫిను దగ్గర నెలవంకలా ఉండే వెన్న రొట్టె ఒకటి రుమాల్లో చుట్టి తెచ్చుకునేది. నేను ఉడుకుతున్నంతసేపూ కిటికీ దగ్గర దాన్ని తుంచుకుని తినేది. ఒక్కోసారి కళ్ళు మూసుకునేది.

నాలుగో ఊళ్ళో గాలి ఎదురు తిరిగింది. నా ఆవిరి బయటికి పోకుండా గదిలోకే వచ్చింది. పైన ఉన్న అలారం గుండెలదిరేలా మోగింది. హోటలు హోటలంతా వీధిలోకి పరిగెత్తింది. హోటలావిడ పైకొచ్చి, ఇంకా పొగలు కక్కుతున్న నన్ను చెవులు పట్టుకుని కిందికి తెచ్చి, అందరి ముందూ మెట్ల మీద పెట్టింది. ఆవిడ ఏమన్నదో నాకు అర్థం కాలేదు గానీ, తిట్లకి భాష అక్కర్లేదు కదా.

ఫణీంద్ర వచ్చి, "ఏంటి సార్ ఇది? ముందే చెప్పాను కదా!" అన్నాడు.

పానకాలరావు నలుగురి వైపూ చూశాడు. తర్వాత భార్య వైపు చూపించి నవ్వాడు. "ఏం చెయ్యమంటావయ్యా, ఆడవాళ్ళు! ఈవిడకి అన్నం లేకపోతే ముద్ద దిగదు. వద్దన్నా వినదు."

ఎవరో ఇద్దరు నవ్వారు. సౌభాగ్యమ్మ చేతిలో రుమాలు ఉంది, రుమాల్లో సగం రొట్టె ఉంది. ఆవిడ నన్ను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. నా ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది. ఆవిడకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

మర్నాడు వెళ్ళిన ఊరు గుండ్రంగా ఉంది. ఇళ్ళన్నీ వలయాలు వలయాలుగా కట్టారు. నడిమధ్యన రాతి తొట్టితో నీళ్ళ ధార. రెండు గంటలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తిరగండి అని ఫణీంద్ర వదిలేశాడు. నేను గుడ్డ సంచిలో సౌభాగ్యమ్మ భుజానికి వేలాడుతున్నాను. ఆ హోటల్లో ఇక వండనివ్వరు కాబట్టి, ఇక్కడే ఏదైనా కొట్లో ప్లగ్గు అడుగుదామని పానకాలరావు మోయించాడు.

"అదుగో ఆ కాఫీ కొట్టు వాళ్ళని అడుగు. ఆడవాళ్ళడిగితే కాదనరు" అన్నాడు.

ఆవిడ సంచిలోంచి నన్ను తీసి తొట్టి గట్టు మీద పెట్టింది. పక్కన బియ్యం పొట్లం పెట్టింది.

"ఇదుగోండి కుక్కరు, ఇవిగో బియ్యం. ఒక గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు. మీరు అడిగినా కాదనరు."

"నాకు వండడం రాదుగా!"

"నేను మాత్రం నేర్చుకుని పుట్టానా?" అంది. గొంతులో కోపం లేదు. చాలా దూరం నడిచొచ్చి కూర్చున్న మనిషి గొంతులా ఉంది. "నిన్న ముద్ద దిగనిది నాకన్నారు. సరే, నేనీవాళ అన్నం మానేస్తున్నా. ఊరు చూసొస్తా."

"సౌభాగ్యం, నలుగురిలో పరువు..."

"పరువు నిన్న మెట్ల మీద పెట్టారుగా, కుక్కరుతో పాటు."

ఆండాళ్ళు గారు దూరంగా నిలబడి వినీ విననట్టు ఉంది. "ఆండాళ్ళు గారూ, ఉండండి, నేనూ వస్తున్నా!" అని సౌభాగ్యమ్మ వెళ్ళిపోయింది. చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ నడిచింది. ఇన్నాళ్ళలో ఆవిడ అలా నడవడం నేను చూడలేదు.

పానకాలరావు నా పక్కన కూర్చున్నాడు. మొదట కోపంగా, తర్వాత బిక్కమొహంతో. నా మూత తీశాడు, పెట్టాడు. కాఫీ కొట్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఇంటి దగ్గర ఆకలేస్తే కేకేయడం తప్ప ఇంకో మార్గం తెలియని మనిషి. చివరికి ఒక రొట్టెల కొట్లోకి దూరి, వేలితో చూపించి ఏదో కొనుక్కున్నాడు. పల్చగా, పైన ఉల్లిపాయలతో ఉంది. తెలిసినవాళ్ళెవరూ చూడ్డం లేదని అటూ ఇటూ చూసుకుని తిన్నాడు. మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చుకున్నాడు.

సౌభాగ్యమ్మ తిరిగొచ్చేసరికి ముడి జారిపోయి ఉంది, ముఖం ఎర్రబడి ఉంది. భర్త మీసం మీద ఉల్లిపాయ తునక చూసింది.

"తిన్నారా?"

"ఏదో... ఊతప్పం లాంటిది."

"బాగుందా?"

"ఉప్పు తక్కువైంది" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "నిన్న నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఆవిడ ధార కింద చేతులు కడుక్కుంది. "ఈ ఊరు గమ్మత్తుగా ఉందండీ. ఎటు పోయినా ఇక్కడికే తెస్తోంది. ఒక ఇంటి మీద కొంగలు గూడు కట్టుకున్నాయి. చూద్దురు గాని, రండి. ఇంకా టైముంది."

ఆయన లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "కుక్కరో?"

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. అటక మీంచి దింపిన చేతులు, టవలు పట్టుకుని నా పక్కన కూర్చున్న చేతులు. ఎత్తుకుంటుందనే అనుకున్నాను.

"ఉండనివ్వండి" అంది.

మనసు చివుక్కుమనలేదని చెప్పను. కానీ నా బరువెంతో నాకు తెలుసు. ఆవిడ నన్ను మోసిన రోజులూ తెలుసు.

చీకటి పడకముందే రొట్టెల కొట్టావిడ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. నా ప్లగ్గు అక్కడి గోడల్లో పట్టదు, హోటళ్ళలో దానికి తగిలించిన అడాప్టరు సౌభాగ్యమ్మ సంచిలోనే ఉండిపోయింది. కొన్నాళ్ళు నాలో గుడ్లు పెట్టుకుంది, కొన్నాళ్ళు చిల్లర సామాను వేసింది. తర్వాత పాత వస్తువుల కొట్టుకి ఇచ్చేసింది. ఇప్పుడు అక్కడే ఉన్నాను, ముళ్ళు లేని గడియారానికీ ఒక పెద్ద రాగి గంగాళానికీ మధ్య. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మూతెత్తి చూసి, ఏమిటో తెలియక దించేస్తారు. అదే నాకు హాయి.

మొన్నొక మధ్యాహ్నం తెలుగు వినబడింది. ఎవరో పడుచు జంట. అతను నన్ను ఎత్తి పట్టుకుని, "ఒసేయ్, ఇటు చూడు! మన రైస్ కుక్కర్! కొందామా? హోటల్లో రోజూ అన్నం వండుకోవచ్చు" అన్నాడు.

ఆ అమ్మాయి నన్ను అతని చేతుల్లోంచి తీసుకుంది. నా మీట ఒకసారి కిందికి నొక్కి చూసింది. తర్వాత ఇంకెవరికీ కనపడకుండా గంగాళం వెనక్కి, గోడ దాకా నన్ను జరిపి పెట్టి, "పద, వర్షం వచ్చేలోపు ఊరు చూద్దాం" అంటూ అతని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

ఎవరి బిడ్డో గాని, చల్లగా ఉండాలి.