గురాబో గట్టు చుక్కల గవ్వ

మావో పట్టణం ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా మేక అడ్డం వచ్చింది. గ్వాగ్వా అనే ఆ చిన్న బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు. మేక బతికింది. నూరిస్ ఒళ్లోంచి జారిన సంచి ముందు సీటు ఇనుప కాలికి తగిలి టప్పుమంది.

సంచి విప్పకుండానే ఆమెకు సంగతి అర్థమైంది. గవ్వల పెట్టెకు మూడు వరసల దూది చుట్టింది. దీపానికి చుట్టలేదు. అతినీలలోహిత దీపం గొట్టం రెండు ముక్కలైంది.

అప్పటికి టైము తొమ్మిదీ ఇరవై. పదకొండింటికి పురపాలక సభ.

సభలో తేలాల్సింది ఒక్కటే. ఊరికి ఎగువన గురాబో నది ఒంపు తిరిగే చోట చార్కో ప్రియెతో అనే మట్టి గట్టు ఉంది. రోడ్డు పనికి ఆ గట్టు తవ్వుకుంటామని ఒక కంపెనీ అనుమతి అడిగింది. గట్టు నిండా యాభై లక్షల ఏళ్ల నాటి సముద్రపు గవ్వలు. సంటియాగోలో ఓ చిన్న మ్యూజియంలో పదకొండేళ్లుగా గవ్వలకు పేర్లు రాసి అరల్లో సర్దుతున్న నూరిస్, 'అక్కడి కోను గవ్వ ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు, తవ్వొద్దు' అని ఉత్తరం రాసింది. రాజధాని నుంచి వచ్చిన శిలాజాల పండితుడు డాక్టర్ సెర్వియో, 'అదేమీ కొత్తది కాదు, దిగువ ఒడ్డున ఇదివరకే దొరికిన రకమే' అని నివేదిక ఇచ్చాడు. నూరిస్ మాట నిలబడితే గట్టు నిలబడుతుంది. లేదంటే సోమవారం పొద్దున్నే యంత్రాలు దిగుతాయి.

చిక్కేమిటంటే, ఆకారం చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. రెండు చోట్ల గవ్వలకూ ఒకే భుజం, ఒకే నడుము, ఒకే కోసుదనం. కోను నత్తల్లో ఏది ఏ రకమో పట్టిచ్చేది గవ్వ మీది రంగుల ముగ్గు. శిలాజానికి ఆ రంగు ఎప్పుడో పోయి సుద్దముక్కలా మిగులుతుంది. బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, చీకట్లో ఆ దీపం కింద పెడితేనే పోయిన ముగ్గు మళ్లీ కనబడుతుంది.

గవ్వల్ని నానబెట్టింది. ఆరబెట్టింది. నిన్న సాయంత్రమే సిద్ధమయ్యాయి. తీరిగ్గా సభలోనే చూపిద్దామనుకుంది. ఇప్పుడు సంచిలో ఉన్నవి ఇరవై రెండు సుద్దముక్కలు.

గ్వాగ్వా దిగి నూరిస్ సభ వైపు వెళ్లలేదు. జునీల్దా సెలూన్‌లోకి దూరింది. జునీల్దా కూతుర్ని బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతల్లి నూరిస్. అంతకన్నా దగ్గరి చుట్టరికం ఎక్కడుంటుంది?

"వదినా, గోళ్లు ఆరబెట్టే దీపం ఉందిగా నీ దగ్గర?"

జునీల్దా ఆమె తల వంక చూసింది. "ఈ జుట్టుతో సభకెళ్తావా? నీ గవ్వలే నీకన్నా కొత్తగా ఉంటాయి. కూర్చో ముందు."

"జుట్టు తర్వాత. దీపం ఇవ్వు."

"అది గోళ్ల రంగుకి తల్లీ, రాళ్లకి కాదు."

"అందులోంచి వచ్చేదీ ఆ ఊదా వెలుతురే. పనిచేస్తుందో లేదో చూడాలి. గది మాత్రం చీకటిగా ఉండాలి."

"పొద్దున పదింటికి చీకటి ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

చీకటి సంగతి కరెంటు వాళ్లు చూసుకున్నారు. జుట్టు ఆరబెట్టే యంత్రాలు నాలుగూ ఒక్కసారి మూగబోయాయి.

"పోయింది," అన్నారు సెలూన్‌లో ఆడవాళ్లందరూ, ఎవరో పక్కింటావిడ ఊరెళ్లిందన్నంత మామూలుగా.

"ఇక తలుపు కూడా వేసెయ్యి," అంది దొన్యా తతీకా. అక్కడ పెద్దావిడల్ని దొన్యా అంటారు. ఈమె డెబ్బై ఏళ్ల మనిషి, తల నిండా గులాబీ రంగు రోలర్లు. "ఈ అవతారంలో ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు."

"నిన్న ఈ రోలర్లతోనే బజారంతా తిరిగొచ్చావు కదే పెద్దమ్మా," అంది జునీల్దా.

"బజారు వేరు. అక్కడ నేను తయారవుతున్నానని అందరికీ తెలుస్తుంది. ఇక్కడ తయారవలేదని తెలుస్తుంది."

జునీల్దా తలుపు వేసి, తెరలు లాగింది. గోళ్ల దీపం బ్యాటరీది. నొక్కగానే ఊదారంగు వెలిగింది. నూరిస్ దూదిలోంచి ఒక గవ్వ తీసి కింద పెట్టింది.

ముందు ఏమీ కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, గవ్వ చుట్టూ ఒక వరసలో చుక్కలు వెలిగాయి. దాని కింద ఇంకో వరస, దాని కింద మరోటి. యాభై లక్షల ఏళ్ల కిందట ఏ నత్తో వేసుకున్న ముగ్గు, గోళ్ల రంగు సీసాల మధ్య బయటపడింది.

ఆడవాళ్లు మూగారు.

"నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు," అంది దొన్యా తతీకా. "ముచ్చటగా ఉంది."

నూరిస్ సంచిలోంచి డాక్టర్ సెర్వియో నివేదిక తీసి ఆ వెలుతురులోనే చదివింది. "దిగువ ఒడ్డు రకానికి ముదురు గోధుమ ఒంటి మీద తెల్ల చుక్కల వరసలు. చార్కో ప్రియెతో గవ్వలు కూడా అచ్చం అంతే. కాబట్టి రెండూ ఒకటే."

ఆడవాళ్లు గవ్వ మీంచి తలలెత్తారు.

"అయితే డాక్టరు చెప్పిందే రైటా?" అంది జునీల్దా మెల్లగా.

నూరిస్ మొహంలో మేక అడ్డం వచ్చాక మొదటిసారి నవ్వు కనబడింది. "ఆయనా మన పెద్దమ్మ చూసినట్టే చూశాడు వదినా. వెలిగేది తెలుపు కాదు. ఒకప్పుడు రంగున్న చోటే వెలుగుతుంది. రంగు లేని చోటు చీకటిగా ఉండిపోతుంది. ఈ గవ్వ బతికున్నప్పుడు ఒళ్లంతా తెలుపు, చుక్కలు గోధుమరంగు."

"అంటే ఫోటో నెగెటివ్ లాగా," అంది జునీల్దా. " నా పెళ్లి గౌను అందులో బొగ్గులా ఉంటుంది."

"అదే. దిగువ ఒడ్డు రకం గురించి పాత పుస్తకంలో, వెలిగిన చోటే రంగని గుర్తుపెట్టుకుని సరిగానే రాశారు. ఈయన దాన్ని అందులోంచి ఎత్తి రాశాడు. గట్టు గవ్వని మాత్రం ఊదా వెలుతురులో చూసింది చూసినట్టు రాసేశాడు. గౌనునీ నెగెటివ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చాడన్నమాట."

"మరి దిగువ ఒడ్డుది ఎలా వెలగాలి?"

"ఒళ్లంతా వెలగాలి. చుక్కలు నల్లగా ఉండిపోవాలి."

"నువ్వు చూశావా?"

నూరిస్ గవ్వని దూదిలో పెట్టింది. "లేదు. అక్కడ దొరికిన గవ్వలన్నీ ఆయన పెట్టెలోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ ముట్టనివ్వలేదు."

"అదీ చుక్కలే వెలిగితే?"

"పాత పుస్తకం తప్పన్నమాట. రెండూ ఒకటే అన్నమాట. తవ్వుకోండని సభలో నేనే చెప్తాను."

"పిచ్చిదానా," అంది దొన్యా తతీకా. "ఆ పెట్టె జోలికి పోకుండా నీ గవ్వ ఒక్కటే చూపించి వచ్చెయ్. ఎవడడుగుతాడు?"

"సరిగా చూడలేదని ఆయన్ని అనబోతున్నాను పెద్దమ్మా. నేను అసలు చూడకుండా ఎలా అంటాను?"

దొన్యా తతీకా చెప్పులు వెతుక్కుంది. "పద. నేనూ వస్తాను. ఇలాంటిది రోజూ దొరకదు."

సభలోనూ కరెంటు లేదు. అధ్యక్షురాలు దొన్యా అర్హేలియా నివేదికతోనే విసురుకుంటోంది. డాక్టర్ సెర్వియో ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కాలో అప్పటికే మాట్లాడుతున్నాడు. తలుపు తెరుచుకుని, నూరిస్ వెనక మెడకి సెలూన్ పైబట్టలు కట్టుకున్న ఐదుగురు ఆడవాళ్లు రోలర్లతో సహా వచ్చి వెనక బెంచీలో కూర్చునేసరికి ఆయన మాట ఒక క్షణం ఆగింది.

"నూరిస్ గారు గవ్వలు ఎంతో శ్రద్ధగా సర్దుతారు," అన్నాడు తేరుకుని. "నాకు ఆమె పట్ల గౌరవం ఉంది. కానీ సర్దడం వేరు, గుర్తించడం వేరు."

"ఈయనకి తల దువ్వడం వేరు, జుట్టుండడం వేరు," అని వెనక బెంచీలో ఎవరో గొణిగారు.

నూరిస్ లేచింది. "డాక్టర్ గారూ, నా వాదన ఏమీ లేదు. మీ పెట్టెలోంచి దిగువ ఒడ్డు గవ్వ ఒకటి ఇవ్వండి. నాది, మీది ఒకే దీపం కింద పెడదాం. ఒకేలా వెలిగితే మీరు చెప్పిందే నిజం. ఇక్కడే ఒప్పుకుని వెళ్తాను."

ఒప్పుకోకపోవడానికి ఆయనకు కారణం దొరకలేదు. పెట్టె మూత తీశాడు. "జాగ్రత్త. నేనే స్వయంగా బ్లీచింగ్ నీళ్లలో శుభ్రం చేసినవి."

హాల్లో కిటికీలకు తలుపుల్లేవు. జునీల్దా పైబట్ట విప్పి బల్ల మీదుగా ఎత్తి పట్టింది. మిగతా నలుగురూ తమవి విప్పారు. నల్లటి బట్టలు ఐదు కలిసి చిన్న డేరా అయ్యాయి. డాక్టరూ, అధ్యక్షురాలూ, నూరిస్ తలలు లోపలికి దూర్చారు. లోపల జుట్టు మందు వాసన.

నూరిస్ దీపం నొక్కింది. వెలగలేదు.

మళ్లీ నొక్కింది. వెలగలేదు.

బట్ట కింద నుంచి జునీల్దా చెయ్యి లోపలికొచ్చి దీపాన్ని ఒక్కటి చరిచింది. ఊదా వెలుతురు వచ్చింది.

ఎడమ పక్కన గట్టు గవ్వ. చుక్కలు వెలిగాయి. కుడి పక్కన డాక్టరు గవ్వ ఒక క్షణం ఉత్త చీకటి ముద్దలా ఉంది. తర్వాత దాని భుజం వెలిగింది, నడుము వెలిగింది, కొస దాకా ఒళ్లంతా వెలిగింది. ఆ వెలుగులో వరసలు వరసలుగా నల్లటి చుక్కలు.

"ఇది దానికి పూర్తిగా తిరగేసినట్టుంది," అంది దొన్యా అర్హేలియా.

డాక్టర్ సెర్వియో చెయ్యి చాచి ఇంకో గవ్వ అడిగాడు. తర్వాత ఇంకోటి. తన పెట్టెలోని పదీ, నూరిస్ పెట్టెలోని ఇరవై రెండూ ఒక్కొక్కటే పెట్టి చూశాడు. డేరా బయట ఒకావిడ రోలర్లు బిగుతవుతున్నాయని సణుగుతోంది. చివరి గవ్వ చూశాక ఆయన బయటికొచ్చాడు. చొక్కా నలిగింది, మొహం ఎర్రబడింది.

"వెలుగుని తెలుపు అని రాశాను," అన్నాడు అందరికీ వినబడేలా. "ఇది నా తప్పు. ఆ గట్టు మీది గవ్వ వేరే రకం. నేను ఇంకెక్కడా చూడలేదు."

"అయితే తవ్వకం?" అంది దొన్యా అర్హేలియా.

"వద్దు. అక్కడ వద్దు."

ఆమె అనుమతి కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, సంతకం చేసింది. కంపెనీ మనిషి తన టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. వెనక బెంచీ చప్పట్లు కొట్టబోతే దొన్యా తతీకా వద్దని సైగ చేసింది. డాక్టరు ఇంకా నిలబడే ఉన్నాడు.

ఆయన నూరిస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "రాజధానిలో నా దగ్గర ఇంకో నాలుగు వందల గవ్వలున్నాయి. అన్నీ ఇలాగే చూసి రాసినవే."

"పేర్లు అచ్చులో వచ్చేశాయా?"

"సగం."

నూరిస్ పెట్టె మూత వేసింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది.

"బుధవారం మా మ్యూజియంకి రండి డాక్టర్ గారూ. కిటికీ లేని గది ఒకటుంది. మొదట అచ్చయినవాటితో మొదలుపెడదాం."