పొట్టకెన్ని పేర్లు

పక్షవాతం వచ్చి మా ఆయనకి కుడిచెయ్యి, మాట రెండూ ఒకేసారి పడిపోయాయి. చెయ్యి కాస్త దారికొచ్చింది గానీ మాట రాలేదు. మంచినీళ్ళకీ "అదీ", నొప్పికీ "అదీ", నేను ఎదురుగా నిలబడినా "అదీ". ఆయన నోట మళ్ళీ నాలుగు మాటలు వింటే చాలనుకున్నాను. చొక్కాల కార్ఖానాలో మధ్యాహ్నం షిఫ్టు వదులుకుని, వారంవారం ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఆయన చెల్లెలు తోడొచ్చేది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, ఈమె నాకు సొంత చెల్లెలికంటే ఎక్కువని పదిమందిలో చెప్పుకున్నదాన్ని నేను.

డాక్టరమ్మది చిన్నవయసు, ఓపిక మాత్రం ముసలమ్మది. బల్లమీద బొమ్మల అట్టలు పరుస్తూ మొదటిరోజే చెప్పింది. "ఒక్కో మాట ఒక్కోచోట దాక్కుంటుందండీ. బళ్ళో నేర్చుకున్నది ఒకచోట, వంటింట్లో వాడుకున్నది ఇంకోచోట. ఒక పేరు రాకపోతే ఇంకో పేరు పట్టుకుందాం. ఇష్టంగా వాడుకున్న మాటే ముందొస్తుంది."

ఆ రోజు తీసిన అట్టమీద ఒక మనిషి బొమ్మ ఉంది. డాక్టరమ్మ దాని పొట్టమీద వేలు పెట్టింది.

"దీన్నేమంటారండీ?"

"అదీ" అన్నారాయన.

ఆమె నావైపు తిరిగింది. "మీరు చెప్పండి మేడం. ఎన్ని పేర్లుంటే అన్నీ."

నాకు నవ్వొచ్చింది. పొట్టతో నాకున్నంత పరిచయం ఎవరికుంటుంది? నేను కటింగు మాస్టర్ని. ఎంత మంచి బట్టయినా చొక్కా చెడేది పొట్ట దగ్గరే.

"పొట్ట" అన్నాను. "కడుపు. ఉదరం. డొక్క. మా కార్ఖానాలో బానపొట్ట అని ఒక సైజే ఉంది."

డాక్టరమ్మ నవ్వింది, మా ఆడపడుచూ నవ్వింది. ఆయన నా పెదాలే చూస్తున్నారు.

కడుపు అన్నప్పుడు మాత్రం నా గొంతు కొంచెం తగ్గింది. కడుపు పండలేదన్న మాట మా అత్తగారు పోయేదాకా పడ్డాను. పోనీ ఒక పాపని తెచ్చి పెంచుకుందామని అనాథాశ్రమం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, అంతా కుదిరి, ఉయ్యాల్లో పాపని చూసుకుని వచ్చాక ఆయన అడ్డం తిరిగారు. "ఎవరి కడుపునో పుట్టిన పిల్లని మనం కడుపులో పెట్టుకోగలమా? అసలు నాకు పిల్లల గొడవే పడదు. నీకు నేను, నాకు నువ్వు, చాలదా?" అన్నారు. చాలుననుకున్నాను. ఆయనది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం, నెలలో సగం రోజులు పక్క ఊళ్ళలోనే. ఆ మిగిలిన సగంతోనే సంతోషపడి నా కోరిక చంపుకున్నాను.

"ఇంకో పేరుంది కదండీ" అంది డాక్టరమ్మ. తన పొట్టమీద అరచేత్తో గుండ్రంగా నిమురుకుంటూ, చిన్నపిల్లల్ని అడిగినట్టు ఆయన్ని అడిగింది. "బొ..."

"బొజ్జ" అన్నారాయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని కదలొద్దని సైగ చేసింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఎడమచెయ్యి పైకి లేచింది, ఐదువేళ్ళూ ముద్ద పట్టినట్టు దగ్గరికి చేరాయి.

"బొజ్జ నిండలేదు. ఇది తాత ముద్ద. ఇది అత్త ముద్ద. ఆఁ అను. ఇది నాన్న ముద్ద. నాన్న ముద్ద వదలకూడదు, చిట్టితల్లీ."

ఎక్కడా తడబాటు లేదు. ఆ చెయ్యి ఎంత ఎత్తున ఆగిందో చూశాను. ఎదురుగా చిన్న పిల్ల కూర్చుంటే నోరు వచ్చే ఎత్తు. కొలతలు తీసే కళ్ళు నావి, పొరబడవు.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "చూశారా మేడం, పాపకి తినిపించిన మాటలే ముందొచ్చాయి. పాపని కూడా తీసుకురండి. ఎదురుగా ఉంటే ఇంకా తొందరగా వస్తాయి."

"మాకు పిల్లల్లేరండీ" అన్నాను.

ఆమె తలొంచుకుని అట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తప్పేముంది పాపం. ముందుగా తేరుకున్నది మా ఆడపడుచు.

"చిన్నప్పుడు నాకిలాగే తినిపించేవాడు వదినా. నన్నే చిట్టితల్లీ అనేవాడు."

ఒక్క క్షణం నమ్మాను. నమ్మాలని అంత ఆశ నాకు. చెల్లెలికి తినిపిస్తూ నాన్న ముద్ద అని ఉంటారు, అందులో ఏముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమె నావైపు చూడటం లేదు. ఇంకేం మాట్లాడొద్దని అన్నకి కళ్ళతో చెబుతోంది. ఆయనకున్నది ఒక్కతే చెల్లెలు. ఆ పిల్లకి అత్తంటే ఈవిడే.

"నీ ముద్ద కూడా ఉందే అందులో" అన్నాను.

వరండాలోకి వచ్చాక బావురుమంది. "ఒక్కసారే వెళ్ళాను వదినా. ఈ ఏడే బళ్ళో వేశారు దాన్ని. నువ్వు ఆశ్రమం చుట్టూ తిరుగుతున్నప్పుడే దాని తల్లికి నెలలు నిండాయి. నీకెలా చెప్పను? ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకో. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది."

"ఎవరి కాళ్ళమీద? నావి ఎప్పుడో విరగ్గొట్టారుగా మీ అన్నాచెల్లెళ్ళు."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇంకో ఆడమనిషి ఉందంటే ఏదోలా ఓర్చుకుందునేమో. కానీ నా చేతుల్లోకి వచ్చే పాపని రానివ్వకుండా, పిల్లలు పడరని నన్ను నమ్మించి, వేరే ఇంట్లో కూర్చుని నాన్న ముద్దలు తినిపించాడు. తినిపించాడు అనే అంటున్నాను. ఇక గౌరవాలు నా వల్ల కాదు.

లోపలికి వెళ్ళి అతనికి ఎదురుగా కూర్చున్నాను. "ఎవరా పాప?"

"అదీ" అన్నాడు. కళ్ళు దించుకున్నాడు. మాట రాక అన్నాడో, తప్పించుకోవడానికి అన్నాడో తెలియలేదు. ఇకముందు అతను ఏమన్నా నాకు ఇంతే, తెలియదు.

గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచుని పిలిచాను. "వచ్చే వారం ఆ పాపని తీసుకురా. వాళ్ళమ్మనీ రమ్మను."

"గొడవెందుకు వదినా..."

"గొడవేం లేదు. ఆ పసిదానికేం తెలుసు. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇతనికి మాటలు రానీ. నాకు పాప వద్దని ఎందుకన్నాడో అతని నోటితోనే వినాలి. అన్ని మాటలొచ్చేదాకా నేనే దగ్గరుండి తీసుకొస్తాను. విన్న రోజున ఇతన్ని వదిలేస్తాను."