ఓదెలు మెడలో నేను

నేను ఒక నూలు కండువాను. సిరిసిల్ల మరమగ్గం మీద పుట్టాను. ఎదుటి పార్టీ కండువాలూ మా పక్క మగ్గం మీదే నేశారు. రంగు అద్దేదాకా మాలో ఎవరిది ఏ పార్టీయో తెలియదు. మనుషుల్లోనైతే టికెట్టు ఇచ్చేదాకా తెలియదు.

నా మనిషి ఓదెలు, పార్టీ జెండాలు మోసి భుజం కాయలు కాచినవాడు. ఆయన మెడ నా సొంతమనుకున్నాను. భార్య కనకవ్వ తుడుచుకోమని తువ్వాలిచ్చినా ఓర్వలేకపోయేదాన్ని.

మా ఎంపీ చనిపోయి ఉపఎన్నిక వచ్చింది. "ఈసారి టికెట్టు నాకే ఇస్తరు" అన్నాడు ఓదెలు. అభ్యర్థికి పార్టీ అధ్యక్షుడు జరీ అంచు పట్టుకండువా కప్పుతాడని విన్నప్పటి నుంచి నాకు కడుపు మండిపోయింది. ఆ టికెట్టేదో రాకపోయినా బాగుండుననిపించింది.

సభలో అధ్యక్షుడు ప్రభంజన్ పేరు చదివాడు. ఆ కాంట్రాక్టరు పొద్దుననే ఎదుటి పార్టీ వదిలి వచ్చాడు. పార్టీలో చేరాలంటే ముందు మెడలో కండువా పడాలి. పట్టుకండువా పెట్టె ఉన్న కారేమో జనంలో ఇరుక్కుంది. ఫోటోలవాళ్లు తొందర పెడుతున్నారు.

"జర ఇటియ్యి ఓదెలన్నా" అంటూ అధ్యక్షుడు నన్ను ఆయన మెడలోంచి లాగి ప్రభంజన్‌కు కప్పాడు.

సెంటు వాసన, కెమెరా మెరుపులు. అంతకుముందు నన్నెవరూ ఫోటో తీసింది లేదు. మురిసిపోయాను. అంతలో ఓదెలు బోసి మెడ కనిపించింది.

పెట్టె వచ్చాక అధ్యక్షుడు పట్టుకండువాను ఓదెలుకు కప్పబోయాడు. "నువ్వు సీనియర్‌వి, నీకు సన్మానం" అన్నాడు. ఓదెలు దాన్ని పక్కకు నెట్టి ప్రభంజన్ ముందు నిలబడ్డాడు.

"అది నాది సార్. మా కనకవ్వ ఇస్త్రీ చేసిచ్చింది" అని నన్ను తీసేసుకున్నాడు.

కండువా కప్పితే చేర్చుకున్నట్టు, లాగితే వెళ్లగొట్టినట్టు. మర్నాడు పేపర్ల నిండా ఆ ఫోటోనే. ఓదెలును పార్టీ సస్పెండ్ చేసింది. ఎదుటి పార్టీవాళ్లు తమ కండువా పట్టుకుని ఇంటికొస్తే "మెడ ఖాళీ లేదు" అని పంపేశాడు. నా గర్వం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు పొలంలో నన్ను తలకు చుట్టుకుంటాడు. ఆయన నాకే దక్కాడు. కానీ ప్రచార జీపు రోడ్డున పోతుంటే చేతిలో పని ఆగిపోతుంది. జీపులో ప్రభంజన్, ఆయన మెడలో ఆ పట్టుకండువా. మలుపు తిరిగేదాకా ఓదెలు చూపు దాని మీదే. చెయ్యి మెల్లగా తన మెడ దగ్గరికి పోయి తడుముకుంటుంది.

ఆ చెయ్యి వెతికేది నన్ను కాదు.