రెండో ఫోను

నలభై మూడో టన్నెల్‌కి పక్కదారి రాసేసరికి అతని టీ చల్లారిపోయింది. ఊళ్ల మధ్య డేటా పోయే దారిని అతని ఆఫీసులో టన్నెల్ అంటారు. అసలు దారి తెగిన వెంటనే, రెప్పపాటు కూడా పట్టకుండా, డేటా పక్కదారికి మళ్లిపోవాలి. ఆ పక్కదారి ముందే రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే. సన్నటి మనిషి, ఎండాకాలంలోనూ ఏసీ చలికి మోచేతుల దగ్గర పీచులు లేచిన స్వెట్టరు. పని సరిగ్గా చేసినన్నాళ్లూ అతనొకడున్నాడన్న సంగతే ఎవరికీ పట్టదు.

"రెండు దారులకీ రూటర్లు వేరే సార్. ఓకే చేసేయనా?" అంది కొత్తగా చేరిన ఇంజనీరు.

"రూటర్లు కాదమ్మా, కేబుళ్లు ఏ గోతిలోంచి పోతున్నాయో చూడు."

ఆ అమ్మాయి మ్యాపు తెరిచి నాలుక కరుచుకుంది. రెండూ ఒకే వంతెన కిందనుంచి పోతున్నాయి. ఊరికే అతనికి ఆఫీసులో గొయ్యి మాస్టారని పేరు పడలేదు.

ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆ పెంపకంలో పడి ఆవిడ పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, తర్వాత అతనిదీ ఎత్తలేదు. నిరుడు గుండె పట్టేసినప్పుడు, మళ్లీ వస్తే అరగంటలో తీసుకురమ్మన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే అతను అక్కకి రెండు కంపెనీల సిమ్ములతో రెండు ఫోన్లు కొనిచ్చాడు.

"రెండెందుకురా, చెవికొకటి తగిలించుకోనా?" అని నవ్వింది అక్క.

"మొదటిది కలవకపోతే రెండోది కలిసి తీరుతుందక్కా."

రోజూ ఒంటిగంటకి ఫోను చేస్తాడు. ఇవాళ ఆ వేళకి కొత్త పక్కదారికి పరీక్ష నడుస్తోంది. అసలు కేబుల్ పీకాడు. తెరమీద గీత వణకనైనా లేదు. "అదిరింది సార్!" అంది ఆ అమ్మాయి. పొగడ్తకి అలవాటు లేక స్వెట్టరు సర్దుకున్నాడు.

ఒంటిగంటా పదికి అక్కకి చేశాడు. అందుబాటులో లేదు. రెండోదానికి చేశాడు. అదీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున వీధి మొదట్లో కాలువ కోసం తవ్వుతున్న పసుప్పచ్చ యంత్రం. దాన్ని తప్పుకుని మరీ బస్సెక్కాడు. ఆ పేటకి ఉన్నది ఒకటే టవరు, రెండు కంపెనీలూ దానిమీదే, దానికొచ్చే కేబుల్ ఒక్కటే, అదీ ఆ తవ్వేచోటు కిందనుంచే. కంపెనీలు చూసుకున్నాడు గానీ గొయ్యి చూసుకోలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆదరాబాదరాగా వచ్చేసరికి ఇంటి ముందు పక్కింటావిడ నిలబడి ఉంది.

"గుమ్మందాకా వచ్చి పడిపోయారండీ. అంబులెన్సుకి చేద్దామంటే నా ఫోనూ పనిచెయ్యలేదు. కాసేపటికే ఊపిరి ఆగిపోయింది..."

సాయంత్రానికి అక్కని శ్మశానానికి తీసుకుపోయారు. అతను తిరిగొచ్చి మంచంమీద కూర్చున్నాడు. మొదటి ఫోనులో అతని నంబరుకి అక్క ఇవాళ చేసిన, కలవని కాల్ ఒకే ఒక్కటి ఉంది. మిగతా పదకొండూ రెండోదాన్నుంచే చేసింది.

స్టూలు మీద ఆ రెండో ఫోను నిండు ఛార్జితో ఉంది, సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి.